కన్నప్ప తెర: ఒక కలంకారీ పని డైరీ

పని: గోడకు వేలాడదీసే కలంకారీ తెర. పూర్తయ్యాక కొలత 6 అడుగులు పొడవు, 4 అడుగులు ఎత్తు. విషయం శ్రీకాళహస్తి కథే. పై వరుసలో సాలెపురుగు, పాము, ఏనుగు. నడుమ పెద్ద గడిలో కన్నప్ప. కింద వరుసలో నాలుగు చిన్న గళ్ళు: తిన్నడి (కన్నప్ప తొలి పేరు) వేట, నోటితో నీళ్ళు తెచ్చి లింగానికి అభిషేకం, పూజారి బాధ, శివుడు ప్రత్యక్షం కావడం. చుట్టూ లత అంచు, గళ్ళ కింద తెలుగు రాత. పని చేసే చోటు తిరుపతిలో మా మిద్దె మీది స్టూడియో. ఉతుకులకు స్వర్ణముఖి ఏరు.

కలంకారీలో రంగు కనబడకముందే రంగు నిర్ణయమైపోతుంది. బట్ట తాగిన పాలు, కరక్కాయ, పూసిన పటిక నీళ్ళు, ఉతికిన నీళ్ళు, వీటిలో ఏ ఒక్కటి తప్పినా చెయ్యి ఎంత మంచిదైనా బొమ్మ నిలవదు. అందుకే ఈ డైరీలో గీతల కంటే నీళ్ళ లెక్కే ఎక్కువ రాసుకున్నాం.

జనవరి, సంక్రాంతి అయ్యాక

తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడతాయి. పండగ దాటితే ఎండ తీరుగా ఉంటుంది, ఏట్లో సన్నగానైనా పారే నీళ్ళుంటాయి. ఈ పనికి రెండూ ఒకేసారి కావాలి. వానల్లో పాలు పట్టించిన బట్ట ఆరక పులిసి మచ్చలు తేలుతుంది. ఎండాకాలం ముదిరితే ఏట్లో ఇసకే మిగులుతుంది.

బట్ట గాడా (ముతక నూలు), చలవ చేయనిది, 54 అంగుళాల పన్నా, రెండుంపావు మీటర్లు. తూకం 450 గ్రాముల పైచిలుకు. తెరకు పట్టేది 2 మీటర్ల లోపే. మిగిలింది కుంచించుకుపోయేదానికి, అంచు మడతకు, పరీక్ష ముక్కలకు. పరీక్ష ముక్కలు ఈ బట్టలోవే, ఈ పాలు తాగినవే కావాలి. వేరే తాను ముక్క మీద చూసుకున్న ఎరుపు ఈ తెర మీద రాదు.

నేతలో పెట్టిన గంజి, దూదిలో సహజంగా ఉండే జిడ్డు రెండూ పోవాలి. రాత్రంతా నీళ్ళలో నానేసి, పొద్దున కుంకుడు రసంతో ఉడికించి, బండ మీద బాది, నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. అయిందో లేదో తెలుసుకోవడానికి ఆరిన బట్ట మీద ఒక నీటి బొట్టు వదిలితే చాలు. పడగానే ఇంకిపోతే బట్ట సిద్ధం. ముత్యంలా నిలబడితే మళ్ళీ ఉతకాలి. బట్ట నాలుగు మూలలా, నడుమా చూడాలి. అంచు దగ్గర పోయిన గంజి నడుమ ఉండిపోవడం మామూలే.

బోరు నీళ్ళతో ఇక్కడ చాలామందికి తెలియని ఇబ్బంది ఒకటుంది. కొన్ని బోర్లలో ఇనుము ఉంటుంది. తాగడానికి తెలియదు, ఉతకడానికి తెలియదు, కరక్కాయ తగిలినప్పుడే బయటపడుతుంది. ఒక గాజు గ్లాసులో ఆ నీళ్ళు పోసి చిటికెడు కరక్కాయ పొడి వేసి అరగంట ఉంచండి. పసుపుగా ఉంటే వాడుకోవచ్చు. బూడిద రంగుకో నీలి నలుపుకో తిరిగితే ఆ నీళ్ళు బట్ట దగ్గరికి రానీయకూడదు. తెర మొత్తం మురికి పట్టినట్టు కనబడుతుంది, ఏ ఉతుకుకూ పోదు. మేము పాల పనికి, రంగు కాచే పనికి వాన నీళ్ళు పట్టి ఉంచిన తొట్టి వాడుతున్నాం.

అదే కారణంగా బట్ట ఆరేసే చోట ఇనుము ఉండకూడదు. తుప్పు పట్టిన తీగ, మేకు, గుండుసూది, ఇనప బకెట్ పిడి, అన్నీ తీసేశాం. నైలాను తాడు, వెదురు క్లిప్పులు, ప్లాస్టిక్ తొట్లు. కరక్కాయ పట్టిన తడి బట్టకు తుప్పు తగిలిందంటే అది మచ్చ కాదు, నల్ల రంగే.

జనవరి నెలాఖరు: పాలు

ఎనుప పాలే కావాలి. ఆవు పాలలో వెన్న తక్కువ. బట్ట పోగుల మీద సన్నటి జిడ్డు పొర కట్టేది ఆ వెన్నే, దాని వల్లనే కలం గీత పాకకుండా నిలుస్తుంది. ప్యాకెట్ పాలు వద్దు. అందులో వెన్నను చిన్న చిన్న కణాలుగా చితగ్గొట్టి కలిపేసి ఉంటారు కాబట్టి పొర సమంగా కట్టదు. పాలు పోసే ఆమెకు ముందు రోజే చెప్పి పెట్టుకోవాలి: “అక్కా, రేపు పితికినవి పితికినట్టే కావాల, చుక్క నీళ్ళు కలపొద్దు, బట్టకు.” బట్టకు అని చెబితేనే ఇక్కడివాళ్ళు అర్థం చేసుకుని పాలు వేరే పెడతారు.

కొలత: కరక్కాయ పొడి 150 గ్రాములు అర లీటరు వాన నీళ్ళలో రాత్రి నానేసి, పొద్దున పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. పచ్చి ఎనుప పాలు ఒకటిన్నర లీటరు. రెండూ కలిపిన వెంటనే బట్ట ముంచాలి. కరక్కాయ వగరు పాలలోని మాంసకృత్తులను పట్టుకుంటుంది, ఆలస్యమైతే పాలు విరిగి తరకలు తేలతాయి, ఆ తరకలు బట్ట మీద అట్టుకుంటాయి. అందుకని ముందు అంతా సిద్ధం చేసుకుని, బట్టను ఒకసారి నీళ్ళలో తడిపి పిండి చేతిలో పెట్టుకుని, అప్పుడే కలపాలి.

ముంచి పిసుకుతూ పావుగంట. తర్వాత పిండటం. అసలు కష్టం ఇక్కడే. ఒక్కరే మెలితిప్పితే మెలికల్లో పాలు ఎక్కువ మిగిలి చారలు పడతాయి. ఇద్దరు చెరో కొసా పట్టుకుని గట్టిగా పిండి, విప్పి, దిక్కు మార్చి మళ్ళీ పిండాలి. ఆరేయడం తాడు మీద కాదు, శుభ్రమైన తుంగ చాప మీద పరిచి. తాడు మీద వేస్తే పాలు కింది అంచుకు జారి అక్కడ దట్టమవుతాయి. సగం ఆరాక తిరగేయాలి. ఈగలు, పిల్లులు వస్తాయి, ఎవరో ఒకరు మిద్దె మీదే ఉండాలి.

ఆరిన బట్ట లేత పసుపులో ఉండి, వేళ్ళ మధ్య కొంచెం బిరుసుగా తగలాలి. పరీక్ష ముక్క మీద కసిమితో, అంటే ఇనుము, బెల్లం పులియబెట్టి తీసిన నల్ల సిరాతో, ఒక గీత గీసి చూశాం. అంచులు వెంట్రుకల్లా చీలితే పాలు పలచన. గీత బొట్లు బొట్లుగా తెగిపోతే వెన్న ఎక్కువ. మా ముక్క మీద గీత అంచు కత్తిరించినట్టు నిలిచింది.

ఫిబ్రవరి మొదట్లో: కసిమి, కలాలు, బొగ్గు

నలుపు కుండ డిసెంబరులోనే పెట్టాం. తుప్పు పట్టిన ఇనప ముక్కలు అర కిలో, నూనె మరకలు లేకుండా నిప్పులో కాల్చినవి. తాటిబెల్లం 150 గ్రాములు, చెరకు బెల్లం 100 గ్రాములు, నీళ్ళు 5 లీటర్లు. మట్టికుండ, మూతికి గుడ్డ, రోజుకోసారి కర్రతో కలపడం. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. చలికాలంలో మూడు వారాలు దాటుతుంది, ఎండాకాలంలో రెండు వారాలకే వస్తుంది. పైన నురుగు అణిగి, వాసన ఘాటు నుంచి పుల్లగా మారితే వడకట్టుకోవచ్చు. మరీ పులిసిపోయిన కుండ మంచిది కాదు. ఆమ్లం ఎక్కువైతే నల్ల గీత ఉన్న చోటే బట్ట ఏళ్ళ మీద పొడిపొడిగా రాలుతుంది. పాత అద్దకం బట్టల్లో నల్ల గీతలే ముందు చిరిగి ఉండటానికి ఒక కారణం ఇది.

కలాలు ఒక్కో రంగుకు విడిగా. వెదురు పుల్ల, జానెడు పొడవు. సన్న గీతకు మొన సూదిలా చెక్కాలి, పూతకు మొన వెడల్పుగా చితక్కొట్టి కుంచెలా చేయాలి. మొనకు అంగుళం పైన ఉన్ని కంబళి పీలిక చుట్టి నూలు దారంతో బిగించాలి. ఆ ఉండే సిరా బుడ్డి. చుట్టు వదులైతే సిరా ఒక్కసారిగా దిగుతుంది, మరీ బిగిస్తే దిగదు. ముంచి తీశాక బొటనవేలితో ఉండను మెల్లగా నొక్కుతూ గీయాలి, ఒత్తిడి మొత్తం వేలిది, మణికట్టుది కాదు. కసిమి కలం ఇంకే రంగులోనూ ముంచకూడదు. పసుపులో ఒక చుక్క ఇనుము పడితే ఆ గిన్నె మొత్తం పాచి రంగుకు తిరుగుతుంది.

బొగ్గు చింత బరికెలది. చిటికెన వేలంత లావు, బెరడు తీసి, మూత ఉన్న డబ్బాలో కాల్చి చల్లారనిచ్చాం. చింత బొగ్గు మెత్తగా గీస్తుంది, గుడ్డతో కొట్టగానే రాలిపోతుంది. పెన్సిల్ వాడితే పాల జిడ్డులో పట్టుకుని ఉతికినా పోదు.

ఫిబ్రవరి రెండో వారం: గీత

బల్ల 7 అడుగులు × 5 అడుగులు, మీద కంబళి, దాని మీద దళసరి నూలు జంపఖానా. కింద మెత్తదనం ఉంటేనే కలం మొన బట్టను గీరదు. వెలుతురు ఉత్తరం కిటికీ నుంచి. సన్న గీతలు పొద్దున 10 గంటలలోపే. తర్వాత చెమట. నుదుటి నుంచి ఒక బొట్టు తడి నలుపు మీద పడితే ఆ చోట గీత పువ్వులా విచ్చుకుంటుంది. ఫ్యాను కూడా ఆపేస్తాం, కలం మొన ఆరిపోయి గీత మధ్యలో తెగుతుంది.

గళ్ళ అమరిక గురించి ముందే చాలా వాదించుకున్నాం. కలంకారీ తెరల్లో వెనక నేల సాధారణంగా ఎరుపు. ఇక్కడ కథకు కేంద్రం లింగం కంటి నుంచి కారే నెత్తురు. ఎర్ర నేల మీద ఎర్ర నెత్తురు కనబడదు. అందుకని నెత్తురు చార ఎక్కడా నేలను తాకకుండా లింగం మీదే పడేలా గీశాం, లింగాన్ని కసిమి పలచన చేసి బూడిద రంగులో ఉంచుతున్నాం. కన్నప్ప ఒంటికి ఎరుపు వద్దనుకున్నాం. సంప్రదాయంలో రాముడు, కృష్ణుడు నీలం, హనుమంతుడు ఆకుపచ్చ, రాక్షసులు ఎరుపు. కన్నప్ప వేటగాడే గాని భక్తుడు, ఎర్రటి నేలలో మునిగిపోని పసుపు ఒళ్ళు అతనికి సరిపోతుంది. బాణాల పొది, తోలు బట్ట, చెప్పుకాలు మాత్రం ముదురు రంగు. రెండో కన్ను పెకలించే ముందు చోటు గుర్తుకోసం లింగం మీద మోపిన ఆ కాలే మొత్తం తెరలో అన్నిటికంటే పెద్ద గీత, తుంటి నుంచి మడమ దాకా ఆగకుండా ఒకే లాగుడు. ఉండలో సిరా నిండుగా ఉన్నప్పుడే అది మొదలుపెట్టాలి.

నలుపు గీసేటప్పుడు కొత్తవాళ్ళకు మొదట చెప్పేది ఓపిక గురించే. కలం నుంచి దిగేది నల్లగా ఉండదు. పలచటి టీ నీళ్ళ రంగులో ఉంటుంది. బట్టకు తగిలి, కరక్కాయ వగరుతో కలిసి, గాలి సోకుతుంటే నిమిషం లోపల మొదట బూడిదగా, తర్వాత నల్లగా తేలుతుంది. గీత పలచగా ఉందని వెంటనే రెండోసారి దిద్దితే ఆరాక అక్కడ లావు, మరో చోట సన్నం. గీసి వదిలేసి పక్క గడికి పోవాలి. తిరిగొచ్చాక నిజంగా చాలని చోటే దిద్దాలి.

చుక్క జారి పడితే అద్దకూడదు. నిమ్మరసం ముంచిన దూదిపుల్లతో ఆ చుక్క మీద మాత్రమే తాకించి, వెంటనే తడి గుడ్డతో ఎత్తేయాలి. నిమ్మలోని ఆమ్లం ఇనుమును పట్టుకుపోతుంది. పది నిమిషాలు గడిస్తే ఇక పోదు. ఆ చుక్కను ఆకుగానో నగలో పూసగానో మార్చుకోవడమే.

రాత పని నలుపులోనే. శ్రీకాళహస్తి తెరల్లో గడి కింద కథ రాయడం పాత అలవాటు. అక్షరాల ఎత్తు అర అంగుళం పెట్టుకున్నాం. అంతకంటే చిన్నదైతే కొమ్ములు, గుడులు నిండిపోయి ‘ప’కు ‘వ’కు తేడా తెలియదు.

ఫిబ్రవరి మూడో వారం: పటిక పటం

పని మొత్తంలో ఎక్కువ ఆలోచన పడేది ఇక్కడ. నూలు బట్ట తనంతట తాను ఎర్ర రంగును పట్టుకోదు. కరక్కాయ వగరు పటికను పట్టుకుంటుంది, పటిక ఎరుపును పట్టుకుంటుంది. పటిక పూసిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఎరుపు కాచే కాగులో బట్ట మొత్తం ముంచినా, పటిక లేని చోట పడిన రంగు తర్వాత ఎండకు పోతుంది. కాబట్టి ఎరుపును పూయడం ఉండదు, ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూయడమే ఉంటుంది. ఆ నీళ్ళకు రంగు లేదు.

ఒక్క కాగులోనే మూడు రంగులు తీయొచ్చు, నీళ్ళు మార్చుకుంటే. మా మూడు గిన్నెలు ఇవి. దట్టం: లీటరుకు 100 గ్రాముల పటిక, నేలకు, నెత్తురుకు, ముదురు పూలకు. పలచన: లీటరుకు 30 గ్రాములు, పెదవులకు, అరచేతులకు, ఏనుగు చెవుల లోపలికి, లేత ఎరుపు వస్తుంది. కలిపినది: దట్టం మూడు వంతులు, కసిమి ఒక వంతు, తోలు బట్టకు, చెట్ల మానులకు, ఎండు నెత్తురు లాంటి ముదురు గోధుమ వస్తుంది. పటికను వేడి నీళ్ళలో కరిగించి చల్లార్చి వాడాలి.

రంగు లేని నీళ్ళతో ఏది పూశామో ఏది వదిలామో కళ్ళకు తెలియదు. అందుకు రెండు ఉపాయాలు. గిన్నెలో కొద్దిగా మంజిష్ఠ (ఎరుపునిచ్చే వేరు) కషాయం చుక్కలు వేస్తే పూత లేత గులాబీగా కనబడుతుంది, ఎటూ అక్కడ ఎరుపే రావాలి కనుక నష్టం లేదు. రెండోది, తెర బొమ్మకు కాగితం మీద చిన్న నకలు వేసుకుని, మూడు గిన్నెలకు మూడు గుర్తులు పెట్టి, పూసిన గడిని పూసినట్టే కొట్టేస్తూ పోవడం. దీన్నే పటిక పటం అంటున్నాం. స్టూడియోలో ఇద్దరు ముగ్గురు ఒకే తెర మీద కూర్చున్నప్పుడు ఇది లేకుండా పని నడవదు.

లింగం దగ్గర మెలిక ఉంది. బూడిద రంగు ఇనుముతో వచ్చేది. ఇనుము ఉన్న చోట మీద పటిక పూస్తే ఎరుపు రాదు, గోధుమే వస్తుంది. నెత్తురు స్వచ్ఛంగా ఎర్రగా రావాలంటే ఆ చారను బూడిద పూతలో ఖాళీగా వదలాలి. లింగానికి పలచన కసిమి పూసినప్పుడు కంటి కింద నుంచి పానవట్టం అంచు దాకా వరిగింజ వెడల్పున బట్టను వదిలాం. బూడిద పూత పూర్తిగా ఆరాక, మరునాడు, సన్న కలంతో ఆ సందులో దట్టం పటిక నింపాం. రెండు పూతల మధ్య దారమంత ఖాళీ ఉంచాలి, తగిలితే అంచు బురద రంగుకు తిరుగుతుంది. ఆ ఖాళీ తర్వాత తెల్లటి అంచులా నిలిచి నెత్తురును ఇంకా స్పష్టం చేస్తుంది.

నేల పెద్ద విస్తీర్ణం, దానికి వెడల్పు కలం. ఒక గడి నేల మొదలుపెడితే ఆ గడి అయ్యేదాకా లేవకూడదు. సగంలో ఆరిన అంచు మీద మళ్ళీ పూస్తే ఆ అతుకు ఎరుపులో ముదురు గీతగా తేలుతుంది. పూత అయ్యాక రెండు రోజులు నీడలో అలా వదిలేయాలి, పటిక పోగుల్లోకి పట్టుకోవాలి.

ఫిబ్రవరి నెలాఖరు: ఏటి ఉతుకు, ఎరుపు

పట్టుకోని పటిక పోవాలి. తొట్టిలో జాడిస్తే ఆ పటిక నీళ్ళలో కలిసి మళ్ళీ తెల్లగా ఉండాల్సిన చోట కూర్చుంటుంది, ఎరుపు కాగులో ఆ మచ్చలన్నీ గులాబీగా బయటపడతాయి. అందుకే పారే నీళ్ళు. బట్టను మడతలు పడకుండా ఇద్దరు నాలుగు కొసలూ పట్టుకుని, పారుదలకు అడ్డంగా కాకుండా పొడవునా వదలాలి. ఊరి మురుగు కలిసే చోటుకు ఎగువనే చూసుకోవాలి. ఏట్లో నీళ్ళు లేని నెలల్లో వెడల్పాటి ఏటవాలు గచ్చు మీద బట్ట పరిచి పైపు నీళ్ళు ఆగకుండా వదలడం తప్ప మార్గం లేదు, నీళ్ళు చాలా ఖర్చవుతాయి.

ఎరుపుకు మంజిష్ఠ 300 గ్రాములు, సురుడు చెక్క (సురుడు తీగ వేరు బెరడు) 300 గ్రాములు, పొడి చేసి రాత్రి నానేసినవి. పాత కాలపు కోరమండల్ తీరం అద్దకాలకు పేరు తెచ్చిన ఎరుపు చిరివేరుది, తీరం ఇసక నేలల్లో పెరిగే మొక్క వేరు. ఇప్పుడు పనికి సరిపడా దొరకడం కష్టం. చిరివేరు ఎరుపులో ప్రధానం అలిజరిన్ అనే రంగు పదార్థం, మంజిష్ఠలో అది తక్కువ, పర్పురిన్ అనే ఇంకొకటి ఎక్కువ, అందుకే మంజిష్ఠ ఎరుపు కాస్త నారింజ వైపు వాలుతుంది. సురుడు చెక్క కలిపితే ఆ వాలు తగ్గి రంగు నిండుగా వస్తుంది. బజారులో దొరికే అలిజరిన్ పొడి పని సులువు చేస్తుంది గాని దానితో ఎరుపు మొత్తం ఒకే గొంతులో ఉంటుంది. మా కళ్ళకు అది చాలదు.

రాగి గుండిగ, 20 లీటర్ల వాన నీళ్ళు, కట్టెల పొయ్యి. ఇనప బాణలి ఎట్టి పరిస్థితిలో వద్దు. గోరువెచ్చగా ఉన్నప్పుడే తడి బట్ట వేసి, గంటసేపు మెల్లగా వేడి పెంచి, తెర్లకుండా ఆవిరి లేచే దగ్గర ఇంకో ముప్పావు గంట నిలిపాం. రెండు వెదురు కర్రలతో ఆగకుండా తిప్పుతూనే ఉండాలి. బట్ట ఒక చోట ముద్దగా ఆగితే అక్కడ ఎరుపు అందదు. తెర్లనిస్తే మంజిష్ఠలోని గోధుమ రంగు కూడా దిగి ఎరుపు ఇటుక పొడిలా అవుతుంది. మంట తగ్గించడానికి ఒక మనిషి పొయ్యి దగ్గరే కూర్చున్నాడు.

తీసేటప్పటికి తెర మొత్తం గులాబీ, అందులో ముదురుగా నేల. మొదటిసారి చూసేవాళ్ళు భయపడతారు. అది అలాగే ఉండాలి.

మార్చి మొదటి సగం: చలవ

గొర్రె పెంట నీళ్ళలో కలిపి వడకట్టి, ఆ పలచటి నీళ్ళలో బట్టను రాత్రంతా నానేశాం. పొద్దున ఏటి ఇసక మీద పరిచి, ఆరకముందే నీళ్ళు చల్లుతూ ఎండలో ఉంచాలి. తడి, ఎండ రెండూ కలిసి పటిక లేని చోటి గులాబీని, కరక్కాయ పసుపును మెల్లగా తీసేస్తాయి. పూర్తిగా ఆరనిస్తే చలవ ఆగిపోతుంది, ఎరుపు కూడా దెబ్బ తింటుంది. సాయంత్రం ఉతికి మళ్ళీ పెంట నీళ్ళలో. తెల్లటి చోట్లు తెల్లగా వచ్చేదాకా ఇదే. మార్చి ఎండకు త్వరగా వచ్చింది, డిసెంబరు ఎండకైతే రెట్టింపు పడుతుంది. బ్లీచింగ్ పౌడరుతో గంటలో అయిపోతుంది, కానీ నలుపు గీత కూడా గోధుమై పోతుంది, బట్ట బలం పోతుంది.

ఈ వరస, అంటే నలుపు, పటిక, ఎరుపు, చలవ, తర్వాతే మిగతా రంగులు, 1957లో శ్రీకాళహస్తిలో పెట్టిన శిక్షణ కేంద్రంలో నేర్చినవాళ్ళ చేతుల మీదుగా ఇప్పటి స్టూడియోలకు వచ్చింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టిగారి తరం పనుల్లో తెల్లటి చోట్లు ఎంత శుభ్రంగా ఉంటాయో చూస్తే ఈ చలవ మీద వాళ్ళు పెట్టిన శ్రద్ధ తెలుస్తుంది. తొందరగా అమ్ముడుపోవాలని ఇప్పుడు అందరూ ముందుగా కోసేసేది ఈ దశనే. తెలుపు మురికిగా ఉంటే పైన వేసే పసుపు, నీలం రెండూ చచ్చిపోతాయి.

నెత్తురు చార అంచుల్లో దారమంత తెలుపు నిలిచింది. బూడిద లింగం మీద అది చక్కగా పలుకుతోంది.

మార్చి రెండో సగం: నీలం, పసుపు

చలవతో పాల పొర పోయింది కాబట్టి మళ్ళీ పాలు, ఈసారి కరక్కాయ లేకుండా. ఉత్త పాలు, పిండి, ఎండలో.

నీలం ముందు, పసుపు తర్వాత పెట్టుకున్నాం. నీలిమందు నీళ్ళలో కరగదు. సున్నం, బెల్లంతో పులియబెట్టి గాలి తగలకుండా ఉంచితే పసుపుపచ్చగా కరుగుతుంది, బట్టకు పూశాక గాలి సోకి నీలమవుతుంది. మా కొలత నీలిమందు ఒక వంతు, సున్నం రెండు వంతులు, బెల్లం మూడు వంతులు. సున్నం ఉన్న నీళ్ళు కరక్కాయ పసుపు మీద పడితే పసుపు గోధుమకు తిరుగుతుంది. పసుపు వెనక వేయడానికి కారణం అదే. ఆకుపచ్చ కావాల్సిన చెట్లకు ముందు లేత నీలం వేసి ఉతికి, పైన పసుపు.

నీలాన్ని కలంతో పూయడం కష్టం. గిన్నెలో తీసుకున్న క్షణం నుంచి అది గాలికి మారుతూనే ఉంటుంది, కలంలోనే నీలమైపోతే బట్టను పట్టుకోదు, ఉతికితే పొడిలా రాలుతుంది. పాత అద్దకంలో నీలం అక్కరలేని చోటంతా మైనం పూసి తెరనే తొట్టిలో ముంచేవాళ్ళు. మా తెరలో నీలం కొద్దిచోట్లే: పాము ఒంటి మీద చారలు, ఏట్లో నీళ్ళు, శివుడి మెడ, చెట్లు. అందుకని చెంచాడు చెంచాడు తీసుకుంటూ, కొద్దిగా తుమ్మ బంక కలిపి, తాజాగా పూస్తున్నాం. గిన్నె మీద రాగి రంగు తెట్టు కడితే ఆ చెంచా పారబోయాలి. ఏట్లో అలలకు ఒకే పూత, పాము చారలకు రెండు పూతలు. రెండో పూత మొదటిది పూర్తిగా నీలమై ఆరాకే.

నీలం ఉతికి, పలచగా ఇంకోసారి పాలు పట్టించి, పసుపు. కరక్కాయ పువ్వు 200 గ్రాములు 2 లీటర్ల నీళ్ళలో సగానికి మరిగించి వడకట్టి, వేడి మీదే 15 గ్రాముల పటిక. చల్లారాక పూయాలి. వేడిగా పూస్తే పాల పొర కరిగి అంచు దాటుతుంది. కన్నప్ప ఒంటికి రెండు పూతలు, నగలకు ఒకటి. నల్ల గీత దగ్గరికి పూసేటప్పుడు గీత మీదికి ఎక్కకుండా గోరంత లోపలే ఆపితే రంగు తానే వచ్చి గీతను తాకుతుంది. ఎక్కిస్తే నలుపులో కదలిన ఇనుము పసుపులోకి వచ్చి ఒంటి అంచు మాసినట్టు కనబడుతుంది. కన్నప్ప మోకాలి దగ్గర అలాంటి నీడ ఒకటి పడింది. అక్కడ కండ గుండ్రదనం తెలుస్తోంది కాబట్టి చెరపకుండా, రెండో మోకాలికి కూడా పలచన కసిమితో అదే నీడ వేశాం. ఇకపై ఒళ్ళు దిద్దేటప్పుడు ఈ నీడను కావాలనే వాడుకోవాలని పటంలో రాసుకున్నాం.

ఏప్రిల్ మొదట్లో: ముగింపు పనులు

చివరి ఉతుకు సబ్బు లేకుండా, పారే నీళ్ళలో ఒక్కసారి. నీడలో ఆరేత. నల్ల గీతలు మసకబారిన చోట, ముఖ్యంగా రాతలో, కరక్కాయ నీళ్ళు సన్నగా తాకించి మళ్ళీ కసిమి గీత. ఇప్పుడు బట్టలో వగరు మిగలలేదు కనుక కరక్కాయ లేకుండా గీస్తే నలుపు రాదు, తుప్పు రంగే వస్తుంది.

అంచు ముప్పావు అంగుళం మడిచి చేతి కుట్టు. పైన వెదురు బద్ద దూరేలా గొట్టం మడత, కింద కూడా అంతే, బరువుకు. వెనక అస్తరు వద్దు, నీళ్ళ తేమ రెండు బట్టల మధ్య నిలిస్తే పాల వాసనకు పురుగు చేరుతుంది. ఇంకా కాస్త పాల వాసన ఉంది, నెల రోజులు గాలికి ఉంటే పోతుంది. పంపేటప్పుడు మడవకుండా అట్ట గొట్టానికి బొమ్మ వైపు బయటికి ఉండేలా చుట్టి, మధ్యలో పాత నూలు గుడ్డ, ఎండు వేపాకు. గోడ మీద నేరుగా ఎండ పడే చోటు వద్దని చీటీ రాసి జతచేస్తున్నాం, ముందు వెలిసేది పసుపే. ఉతకాల్సి వస్తే చల్లటి నీళ్ళు, కుంకుడు. నిమ్మ, వెనిగర్ తగలకూడదు.

మిగిలిన పని: కింద వరుసలో పూజారి గడికి రాత సరిపోలేదు, మాటల మధ్య ఖాళీ చాలలేదు. ఆ గడి కొలత 2 అంగుళాలు పెంచి పటం మళ్ళీ గీయాలి, ఇదే కథతో ఇంకో తెర అడిగారు. దాని కోసం కసిమి కుండ నిన్ననే పెట్టాం. ఏప్రిల్ వేడికి రెండు వారాల్లో వస్తుంది. ఏట్లో నీళ్ళు మాత్రం అప్పటికి ఉండవు, గీత, నలుపు వరకు చేసి, పటిక పూత వానల తర్వాతకు ఆపుతున్నాం.